యాంగ్విష్ అంటే ఇరుకట

మొన్న శనివారం మధ్యాహ్నం మా మనవరాలు భోజనాల బల్ల మీద ఇంగ్లీషు పుస్తకం పరుచుకుని, పెన్సిలు చివర కొరుకుతూ, "తాతా, యాంగ్విష్ మీన్స్ వెరీ శాడ్, ఈజ్ ఇట్?" అని అడిగింది. ఇక్కడే సింగపూరులో, ఈ హౌగాంగ్‌లోనే పుట్టి పెరుగుతున్న పిల్ల, తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇంగ్లీషులో పలకరిస్తే నా ఉచ్చారణకి నవ్వుతుంది. వెరీ శాడ్ కాదమ్మా, అంతకంటే చాలా పెద్దది, గుండెని పిండేసే బాధ అన్నాను, నా పెద్దరికం కాస్త చూపించుకుంటూ. తాత ఇంగ్లీషు మీద దానికెప్పుడూ నమ్మకం లేదు గనక వాళ్ళమ్మ ఫోను తీసుకుని వెతికి పైకి చదివింది. ఆ మాట లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మొదట్లో దాని అర్థం బాధ కాదట, ఇరుకు అట. ఇంకా వెనక్కి వెళితే గొంతు నొక్కడమట. "నేరో ప్లేస్ అంట తాతా, లైక్ అవర్ స్టోర్ రూమ్ లా!" అని తనలో తనే నవ్వుకుని పుస్తకం మూసి ఆటకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఆలోచిస్తే మనకీ కొత్త సంగతి కాదు కదా, ఇరుకున పడ్డామంటాం, గొంతుకేదో అడ్డం పడిందంటాం, ఊపిరి సలపలేదంటాం, అంతా ఒకటే అనుభవం. కానీ ఆ మాట వినగానే నాకు కళ్ళముందు మెదిలింది నిఘంటువులో సంగతి కాదు, సెరంగూన్ రోడ్డు మీద ఒక ఆదివారం. ఆ రోజుల్లో నాతోపాటు ఈ దేశానికొచ్చి, ఫ్లాట్లు పంచుకుని, ఫోన్ కార్డులు గీకి ఇంటికి మాట్లాడుకున్న నా ఈడువాళ్ళు ఇది చదువుతుంటే, మీకు చెప్పుకోవచ్చనిపిస్తోంది. పిల్లలకి చెబితే అర్థం కాదు, మా ఆవిడకి చెబితే ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతున్నారా అంటుంది.

పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాపానికి, రెండువేలు రాగానే బ్యాంకులూ విమానాలూ అన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న కాలం అది. ఆ హడలే మాకు అన్నం పెట్టింది. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్చుకుని, ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ల గదిలో జుట్టు నెరుస్తుందనుకున్న నాలాంటివాణ్ణి కూడా పిలిచి టికెట్టిచ్చి తెచ్చుకున్నారు. భార్యనీ కూతుర్నీ విజయవాడలో ఉంచి నేను ముందు వచ్చాను. హౌగాంగ్‌లో ఒక ఫ్లాటు, నలుగురం మగాళ్ళం, ఒక రైస్ కుక్కర్. మిగతా ముగ్గురూ పాతికేళ్ళ కుర్రాళ్ళు, నేనొక్కణ్ణే ముప్పై దాటినవాణ్ణి. అందుచేత పప్పులో ఉప్పెంతో, అమావాస్య ఎప్పుడో, గ్రహణం రోజున ఎన్నింటికి తినాలో చెప్పే బాధ్యత నామీద పడింది. పడిందనడం కూడా అబద్ధమే, నేనే తీసుకున్నాను. ఎవరికి జలుబు చేసినా అమ్మవారి గుడికి తీసుకెళ్ళి అర్చన చేయించేవాణ్ణి. పంతులుగారని ఆటపట్టించేవాళ్ళు. కోపం నటించేవాణ్ణి గానీ లోపల గర్వంగానే ఉండేది.

నా గదిలో ఉండేవాడు చీరాల కుర్రాడు. నన్ను అన్నయ్యా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి, ఇక్కడా అలాగే చెబుతాను. చిన్నప్పుడే తల్లి పోతే వాళ్ళక్క పెంచిందట. అక్క ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ, పొద్దస్తమానం నిలబడి పాఠాలు చెప్పి చెప్పి మడమల నొప్పి. వారానికొకసారి ఫోనులో తమ్ముడు అడిగే మొదటి మాట మడమలెలా ఉన్నాయనే. సింగపూరులో మెత్తటి చెప్పులు దొరుకుతాయట, ఈసారి వచ్చేటప్పుడు తెస్తాననేవాడు. ఆమె వద్దనేది. ఇతను తెస్తాననేవాడు. గోడ ఇవతల నుంచి ఆ వాదన వింటూ నిద్రపోవడం మాకందరికీ అలవాటైపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం తమ్ముడు కూరలకని కిందికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. వాళ్ళ బావ. ఆయన గొంతు వినగానే నాకు విషయం తెలిసిపోయింది. బళ్ళో పాఠం చెబుతూ చెబుతూ బల్లమీద తల వాల్చేసిందట, ఆసుపత్రికి చేర్చేలోగానే అయిపోయిందట. "అన్నగారూ, మావాడికి ఇప్పుడే చెప్పమాకండి. సీరియస్‌గా ఉందని చెప్పి విమానం ఎక్కించండి, చాలు. వాడొచ్చిందాకా ఉంచుతాం," అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆయన ముందు ఆలోచించింది బావమరిది ప్రయాణం గురించి. మన వాళ్ళందరికీ తెలిసిన పద్ధతే ఇది. దూరాన ఉన్నవాడికి చావుకబురు ఫోనులో చెప్పరు, ఒంటరిగా అంతదూరం రావాలి, దారిలో ఏమైపోతాడో అని సీరియస్ అనే ఒక్క మాట చెప్పి రప్పిస్తారు. ఇంటి సందు మలుపు తిరిగాక జనాన్ని చూసి అతనే తెలుసుకోవాలి. మా నాన్నకి మా తాత సంగతి అలాగే తెలిసింది, నాకు మా మేనత్త సంగతి అలాగే తెలిసింది. అందుకే నేను రెండో ఆలోచన లేకుండా సరేనన్నాను.

తమ్ముడు సంచులతో పైకొచ్చి, "కింద ఎవరో పెద్దాయన పోయినాడంట అన్నయ్యా, డేరా వేస్తన్నారు," అన్నాడు. మా భవనం కింద ఖాళీగా వదిలేసే చోట చీనావాళ్ళు చావు జరిపేవాళ్ళు. పెద్ద పెద్ద దీపాలు, పూలు, వాయిద్యాలు, రోజుల తరబడి వచ్చేపోయే జనం, అందరూ చూస్తుండగానే ఏడుపులు. వాళ్ళు కింద లోకానికంతటికీ కనపడేలా దుఃఖపడుతుంటే, మేము పైన తలుపు వేసుకుని ఒక దుఃఖాన్ని దాస్తున్నాం. అక్కకి ఒంట్లో బాగాలేదట, కాస్త సీరియస్‌గా ఉందట, బావ రమ్మన్నాడని చెప్పాను. ఏ ఆసుపత్రి అన్నాడు. అడగలేదన్నాను. ఏమైందంట అన్నాడు. సరిగా వినపడలేదన్నాను. ఫోన్ కార్డు తీసి ఇంటికి చేస్తే అక్కడెవరో ఎత్తి, బావ ఆసుపత్రిలో ఉన్నాడు, నువ్వు బయలుదేరు అని పెట్టేశారు. ఆ రోజుకి విమానంలో చోటు దొరకలేదు, ఆదివారం సాయంత్రానికి దొరికింది. ఆ మధ్యలో మా ఫ్లాటంతా ఎలా మారిపోయిందంటే, టీవీ పెట్టేవాడు లేడు, అతని కంచం అతన్ని కడగనిచ్చేవాడు లేడు, అతను గదిలోకి వెళితే వెనకే ఎవరో ఒకరు ఏదో వంకతో వెళ్ళేవాళ్ళు. ఒంటరిగా వదలొద్దని నేనే చెప్పాను.

ఆదివారం పొద్దున తమ్ముడు సెరంగూన్ రోడ్డు మీది లిటిల్ ఇండియాకి వెళ్ళాలన్నాడు. అక్కకి చెప్పులు కొనాలన్నాడు. ఇప్పుడెందుకురా అంటే అనుమానం వస్తుందని, సరే పదమని నేనే వెంట వెళ్ళాను. ఆదివారం ఆ వీధులు మీకు తెలియనివి కావు, వారమంతా పనిచేసిన కూలీల గుంపులు, పూలకొట్లు, కాఫీ వాసన, భుజం భుజం ఒరుసుకుంటూ నడవాలి. అమ్మవారి గుడి ముందుకి రాగానే అతను ఆగాడు. చెప్పులు విప్పుతూ, "ఒక్క నిమిషం అన్నయ్యా, దణ్ణం పెట్టుకుని వస్తా," అన్నాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయిన అక్క పోతే తమ్ముడికి మూడు రోజులు మైల. మైలతో గుళ్ళోకి పోకూడదు. నాలో ఉన్న పంచాంగం అప్పటికప్పుడు తెరుచుకుంది, ఆ మనిషి మొహం కంటే ముందు అదే నాకు కనిపించింది. చాలా రద్దీగా ఉంది, విమానానికి ఆలస్యమైపోతుంది, మీ ఊళ్ళో గుడికి వెళుదువుగాని అని ఏదో అన్నాను. అతను నావైపు చూశాడు. ఆ చూపుకి నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ చెప్పులు తొడుక్కుని, "సరే అన్నయ్యా," అని నా వెంట నడిచాడు.

తర్వాత చెప్పుల కొట్లో చాలాసేపు గడిపాం. అతను ఒక్కో జత తీసి, లోపలికి అరచెయ్యి దూర్చి, మడమ దగ్గర వేళ్ళతో నొక్కి చూసేవాడు. కొట్టువాడు సైజు ఎంతని తమిళంలో అడిగితే అంకె చెప్పలేక తన జాన చూపించి, దానికి బొటనవేలంత కలిపాడు. ఏ రంగు బాగుంటుందన్నయ్యా అని నన్నడిగాడు. ముదురు ఎరుపు తీసుకో, చీరలన్నిటి మీదకీ నప్పుతుందన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. సాయంత్రం విమానాశ్రయంలో ఆ పొట్లం చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళేదాకా అతను కన్నీటిచుక్క కార్చలేదు. హమ్మయ్య, బయటపడకుండా పంపించేశామని మేం ముగ్గురం బస్సులో ఒకరినొకరం మెచ్చుకున్నాం.

కర్మలన్నీ అయ్యాక తిరిగొచ్చాడు. వచ్చి, మీరంతా చాలా జాగ్రత్తగా చూసుకున్నారంట, బావ చెప్పాడు అని నా చేతులు పట్టుకున్నాడు. చెప్పులు మేనకోడలికి సరిపోయాయన్నాడు. మళ్ళీ పనిలో పడిపోయాడు. తెలుగువాళ్ళ విందుల్లో ఎవరైనా ఈ ప్రస్తావన తెస్తే, అన్నగారు ఎంత గుట్టుగా సంభాళించారో అని నన్ను పొగిడేవాళ్ళు. నేను కాదనలేదు. సిగ్గులేకుండా ఆ పొగడ్తనంతా పుచ్చుకున్నాను.

కొన్ని నెలలు గడిచాయి. రెండువేలు వచ్చింది, ఏ విమానమూ పడలేదు, ఏ బ్యాంకూ మునగలేదు. అప్పుడు మా ఫ్లాట్లోనే ఉన్న హైదరాబాదు కుర్రాడికి అలాంటి ఫోనే వచ్చింది. అతని బాబాయి పోయాడు. ఫోన్ ఎత్తింది మళ్ళీ నేనే. కుర్రాడు స్నానాల గదిలో ఉన్నాడు. నేను మిగతావాళ్ళని వంటింట్లోకి పిలిచి, సీరియస్ అని చెబుదామని మొదలుపెట్టాను, నాకు అప్పటికి అందులో అనుభవం ఉందికదా. తమ్ముడు నామాట పూర్తికానివ్వలేదు. వంటింట్లోంచి బయటికి వెళ్ళి, ఆ కుర్రాడు బయటికి రాగానే సోఫాలో కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుని, "మీ బాబాయి పోయాడురా. ఇందాకే ఫోనొచ్చింది," అన్నాడు. కుర్రాడు ఒక్కసారిగా, "అయ్యో కాకా!" అని గోల పెట్టి ఏడిచాడు. పక్క ఫ్లాటు చీనా ఆవిడ తలుపు తీసి చూసింది. తమ్ముడు అతన్ని ఓదార్చలేదు, ఊరుకోమనలేదు, వీపు మీద చెయ్యేసి అలాగే కూర్చున్నాడు. నాకు కోపమొచ్చింది. ఇలా చెబితే ఎలా వెళతాడు ఒంటరిగా అని చిన్నగా కసిరాను.

ఆ కుర్రాణ్ణి విమానం ఎక్కించి వస్తూ, మా భవనం కింద కాఫీ కొట్టు దగ్గర తమ్ముడు నన్ను కూర్చోబెట్టాడు. కసిరినందుకు ఏదో అంటాడనుకున్నాను. అతను నిమ్మళంగానే, "నాకు తెలుసన్నయ్యా," అన్నాడు. ఏం తెలుసన్నాను. "జలుబు చేస్తేనే మమ్మల్ని గుడికి ఈడ్చుకుపోయి అర్చన చేయించే మనిషివి. అక్కకి సీరియస్ అని చెప్పి, గుడి మెట్ల దాకా పోయినోణ్ణి వెనక్కి లాగితివి. అప్పుడే తెలిసిపోయింది." మరి చెప్పులెందుకు కొన్నావురా అన్నాను. "కొనకపోతే నాకు తెలిసిందని నీకు తెలిసిపోద్ది. అప్పటికే నీ మొహం చూళ్ళేకపోతన్నా. అంత కష్టపడి దాస్తన్నావు."

అంటే ఆ కొట్లో ఇద్దరం ఒకరికోసం ఒకరం నాటకమాడామన్నమాట. అతను పోయిన అక్క పాదానికి సరిపడే జత వెతుకుతూ, నన్ను కాపాడుతున్నాడు. నేనేమో రంగు చెబుతున్నాను. విమానంలోనైనా ఏడిచావా అంటే, మధ్య సీటు వచ్చిందన్నాడు, అటూ ఇటూ నిద్రపోతున్న మనుషులు. చివరికి లేస్తూ అన్న మాట మాత్రం నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. "నాకు శనివారమే అనుమానం అన్నయ్యా. గుళ్ళో అయితే ఎందుకు ఏడుస్తన్నావని ఎవురూ అడగరు గదా. అందుకే లోపలికి పోదామనుకున్నా."

మొన్న మనవరాలు ఆటకి వెళ్ళాక నేను మా వియ్యంకుడుగారికి ఫోన్ చేశాను. రాజమండ్రిలో సంస్కృతం చెప్పి రిటైరయినాయన, మాట పుట్టుక అడిగితే ఆయనకి పండగే. యాంగ్విష్ అన్నానో లేదో, బావగారూ, అది మనకీ చుట్టమేనండీ, ఆంగ్జయిటీ, ఆంజైనా అన్నీ ఆ కుటుంబమే, సంస్కృతంలో అంహస్సు అని ఒక మాటుంది, అదీ ఆ మూలం నుంచి వచ్చిందే, వేదంలో దానికి ఇరుకు, ఇక్కట్టు అని అర్థం అన్నాడు. ఇప్పుడో అన్నాను. "ఇప్పుడు మన నిఘంటువుల్లో పాపం అని ఉంటుంది," అన్నాడాయన ఎంతో హుషారుగా. ఒకణ్ణి ఇరుకులో పెట్టడానికీ పాపానికీ ఒకటే పేరని పెద్దవాళ్ళు ఏనాడో తేల్చేశారని ఆయనకి తెలియకుండానే నాకు చెప్పేశాడు. ఊరుకోలేక ఇంకోటి అడిగాను, దూరదేశంలో ఉన్నవాడికి మైల ఎప్పటినుంచి పడుతుందండీ అని. విన్నప్పటినుంచే కదండీ, విననివాడికి మైలెక్కడిది అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ ఆదివారం నేను నమ్మిన శాస్త్రం ప్రకారమే ఆ గుడి తలుపులు అతనికి తెరిచి ఉన్నాయి. నేనే, నాకు సగం తెలిసిన శాస్త్రంతో, అడ్డం నిలబడ్డాను.

ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఏదీ దాచలేరు. ఊపిరి ఆగిన కాసేపటికే బంధువుల గ్రూపులో ఫొటో, దానికింద వరసగా దణ్ణాల బొమ్మలు, మీటింగులో కూర్చున్నవాడు బల్ల కింద ఫోనులో చూసుకుని, మ్యూట్ చేసి, మళ్ళీ మీటింగులోకి వస్తాడు. అంత్యక్రియలు కూడా ఫోనులోనే చూస్తున్నారు. మేం పడ్డ ఇరుకు వీళ్ళకి లేదు, బాగుందనే అనుకోవాలి. కానీ అబద్ధమాడైనా సరే, ఒక మనిషిని ఒంటరిగా వదలకూడదని ముగ్గురు మగాళ్ళు ఇల్లంతా వెంటవెంట తిరిగిన ఆ పిచ్చి ఆపేక్ష ఏమైపోయిందో మాత్రం నాకు తెలియడం లేదు. అది మంచో చెడో కూడా ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

తమ్ముడు వుడ్‌ల్యాండ్స్‌లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. పోయినేడు వాళ్ళ బావ కాలం చేశాడు. ఆ కబురు తెలిసిన పావుగంటకి నాకు మెసేజ్ పెట్టాడు, "అన్నయ్యా, బావ పోయాడు, మీ ఇంటికొస్తన్నా," అని. రైలు మారి, బస్సెక్కి వచ్చాడు. సొంత ఇల్లుంది, భార్యాపిల్లలున్నారు, అయినా ఇక్కడికే వచ్చాడు. మా ఆవిడ కాఫీ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అతను సోఫాలో కూర్చుని, మొహం దాచుకోకుండా, గట్టిగా ఏడిచాడు. బావ కోసమని మొదలుపెట్టిన ఏడుపు కాసేపట్లో అక్క పేరు మీదికి వెళ్ళింది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేశాను. నన్ను క్షమించేశాడని, అందుకే ఇంతదూరం వచ్చాడని మా ఆవిడ తర్వాత అంది. అయ్యుండొచ్చు. నాకు మాత్రం అతను గుక్కపట్టి ఏడుస్తున్నంతసేపూ ఒకటే అనిపించింది, ఇది పాతికేళ్ళ క్రితం ఏడవాల్సిన ఏడుపు, అప్పుడు దీన్ని ఆపింది నా చెయ్యే.